తెలివొచ్చాక

రొమ్ములో చిన్న గడ్డ తీయించుకోవడానికి మాడుగుల నుంచి విశాఖపట్నం వెళ్లిన మనిషి ఆ సాయంత్రమే ఇంటికి బయలుదేరగలదా అన్నది కత్తి కంటే మత్తు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. వైద్యం ఈ లెక్కను చాలా ఆలస్యంగా పట్టించుకుంది. 1804లో జపాన్‌లో హనావోకా సేయిషూ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసినప్పుడు రోగికి మత్తు తాగించారు. ఉమ్మెత్త జాతి మొక్క, వసనాభి కలిసిన ఆ కషాయం తాగినవాళ్లకు తెలివి రావడానికి ఆరు గంటలు పట్టేది, ఒక్కోసారి రోజంతా పట్టేది. నొప్పి తెలియకుండా బతికి బయటపడటమే గొప్పయిన రోజుల్లో, లేచాక ఒంట్లో ఎలా ఉందని అడిగేదెవరు?

మన హైదరాబాద్ కూడా అడగలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అండతో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పీల్చే మత్తుమందు క్లోరోఫాం ప్రాణాలెలా తీస్తుందో తేల్చడానికి 1888లో ఒకటి, 1889లో మరొకటి కమిషన్లు నడిపారు. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చారు. ఖర్చులకు నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చారు. వందలాది కుక్కలు, కోతులు, మేకల మీద పరీక్షించి, ముందు ఆగేది ఊపిరే, గుండె తరవాత, కాబట్టి నాడి వదిలేసి ఊపిరి చూడమన్నారు. అది సగం నిజమే. క్లోరోఫాం పలచగా ఇచ్చినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చని 1911 నాటికి గుడ్‌మన్ లెవీ చూపించారు. అయినా ఊపిరి మీద కన్నేసి ఉంచే క్రమశిక్షణ వృథా కాలేదు. హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి క్లోరోఫాం ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచపు తొలి మహిళా మత్తు డాక్టరుగా చెబుతారు. ఇంత శ్రమలోనూ కొలిచింది చావునే, మెలకువను కాదు.

నరం ద్వారా మత్తు 1934లో థయోపెంటోన్‌తో స్థిరపడింది. నిద్ర క్షణాల్లో వచ్చేది. మందు కొవ్వులో పేరుకుని మగత మాత్రం వదిలేది కాదు. 1986లో బ్రిటన్ మార్కెట్‌కు వచ్చిన ప్రోపోఫాల్, పాలలా తెల్లగా ఉండే మందు, ఆ మగతను వదిలించింది. పీల్చే గ్యాసు మత్తే మేలనేవాళ్ల వాదనా గట్టిదే. సీవోఫ్లూరేన్ లాంటి గ్యాసు ఊపిరితోనే బయటికి పోతుంది, కళ్లు తెరవడంలో తేడా నిమిషాలే; పైగా వదిలే ఊపిరిలో మోతాదు ఎంతుందో తెర మీద కనబడుతుంది, ప్రోపోఫాల్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒప్పుకోవలసిందే. కానీ చిన్న ఆపరేషన్ తరవాత మనిషిని మంచానికి కట్టేసేది నిద్ర కాదు, వాంతి. అదీ ఆడవాళ్లకే ఎక్కువ. 5,199 మందితో జరిగి 2004లో వెలువడిన పరీక్షలో, గ్యాసు మాని ప్రోపోఫాల్ వాడితే వికారం, వాంతులు 19 శాతం తగ్గాయి. అంటే గ్యాసుతో వంద మందికి డోకొచ్చే చోట ప్రోపోఫాల్‌తో ఎనభై ఒక్కరికి. ఇంతేనా, ఒక్క వాంతి మందే 26 శాతం తగ్గించింది కదా అనవచ్చు. అదే పరీక్ష ఈ రెండూ దేని పని అది చేస్తాయనీ, ఒకదానికి మరొకటి తోడవుతుందనీ కూడా తేల్చింది. చోడవరం రోడ్డు మీద కారు ఊగుతుంటే, కట్టు కింద కుట్లు పట్టుకుని డోకు ఆపుకోవలసిన మనిషికి ఆ పందొమ్మిది చిన్న అంకె కాదు.