సొరుగులో గని

మా ఇంట్లో టేబుల్ సొరుగులో నాలుగు చచ్చిపోయిన ఫోన్లున్నాయి. పారెయ్యడానికి మనసొప్పదు, ఇవ్వడానికి చోటు తెలీదు. ఇలాంటి సొరుగులన్నీ కలిస్తే ఒక గని. 1980లలో జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన మాట అది: ‘పట్టణ గని’.

గని ఉంటే సరిపోదు, తవ్వేవాళ్ళు కావాలి. 2013 ఏప్రిల్‌లో అక్కడ చిన్న ఎలక్ట్రానిక్ వస్తువుల రీసైక్లింగ్ చట్టం అమల్లోకి వచ్చింది. సేకరణ పని మునిసిపాలిటీలది. అయితే ఆ చట్టం వాటిని ప్రయత్నించమంది తప్ప బలవంతపెట్టలేదు. ఏం సేకరించాలో కూడా వాటి ఇష్టం.

ఆ ఇష్టానికి ఊపిచ్చింది ఒలింపిక్స్. టోక్యో 2020 పతకాల లోహమంతా పాత పరికరాల్లోంచే తియ్యాలనుకున్నారు. 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి దాకా 1,621 స్థానిక సంస్థలు చేతులు కలిపాయి. దేశంలో 90 శాతం పైమాటే! 78,985 టన్నుల పరికరాలు చేరాయి. మొబైల్ దుకాణాల్లో మరో 62 లక్షల ఫోన్లు. చివరికి తేలిన బంగారం 32 కిలోలు, వెండి 3,500 కిలోలు, కంచు 2,200 కిలోలు. సుమారు 5,000 పతకాలు.

ఇంత కష్టానికి 32 కిలోలేనా అనిపిస్తుంది. నాకైతే 1,621 అనే అంకే పెద్ద పతకం. లోహం తియ్యడం ఇంజనీర్లకి తెలిసిన పనే. ఊరూరా డబ్బా పెట్టించడమే కష్టం.

మన దగ్గరా 2016 నియమాలు బ్రాండు లేని, కంపెనీ మూతపడిన ఈ-వ్యర్థాల సేకరణని పట్టణ స్థానిక సంస్థలకి అప్పగించాయి. మా వీధిలో డబ్బా లేదు, పాత సామాన్ల బండి మాత్రం ఠంచనుగా వస్తుంది. దానికేస్తే ఏ సందులోనో వైర్లు కాల్చే పొగ ఎవరు పీలుస్తారు?

అందుకే సొరుగు మూసే ఉంచాను. అదీ పరిష్కారం కాదని తెలుసు.