అతుకుల బొంత: మా దొడ్డబళ్ళాపురం ఇంటి తెలుగు



పోయిన నెల మా మనవరాలు అటక మీద ఉన్న ట్రంకుపెట్టె దింపించింది. అడుగున మాయవ్వ కుట్టిన బొంత ఉండాది. "తాతా, ఇది క్విల్టా?" అనింది. "కాదమ్మా, బొంత" అన్నాను. "బొంత అంటే?" అని మళ్లీ అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా రాసిందే ఇది.

మాది బెంగళూరికి 40 కిలోమీటర్ల దూరంలో ఉండే దొడ్డబళ్ళాపురం. పక్కనే నందికొండ, అక్కడ పుట్టే అర్కావతి. దేవనహళ్లి, చిక్కబళ్ళాపురం మాదిరే ఇదీ ఒకప్పుడు ఆవతి ప్రభువుల సీమ. ఇప్పుడు మాత్రం మగ్గాల ఊరు. దేవాంగులు, తొగటవాళ్లు, పద్మశాలీలు నేత నేసిన ఊరు. చేతిమగ్గాలు పోయి పవర్‌లూములు వచ్చినా టకటక చప్పుడు మాత్రం పోలేదు. చాలా ఇళ్లలో లోపల తెలుగు, గడప దాటితే కన్నడం. నేతలో పడుగు, పేక అని ఇంట్లో అంటాము. అంగట్లో అదే హాసు, హొక్కు.

బొంత మాట మనకే సొంతం కాదు. కన్నడంలో బొంతె ఉంది. మన తల వాళ్లకు తలె, మన సంత వాళ్లకు సంతె. బొంత, బొంతె కూడా ఆ వరసే. 12వ శతాబ్దపు వచనకారుల్లో బొంతాదేవి అనే శరణి ఉంది. ఆమె కప్పుకున్న బొంత వల్లనే ఆ పేరు వచ్చిందని చెప్తారు. సంస్కృతంలో బొంతను కంథ అంటారు. బెంగాలీల కాంథా కుట్టు పేరులోనూ అదే మాట వినిపిస్తుంది. ఉత్తర కర్ణాటకలో దీన్నే కౌది అంటారు. అక్కడి సిద్ది ఆడవాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి కుట్టుకుంటూ వస్తారు.

మాయవ్వ పద్ధతి వేరు. ముందు పట్టీలు అతికేది, తర్వాతే పొరలు వేసి కుట్టేది. మా ఊళ్లో పట్టు ముక్కలకు కొదవలేదు, కానీ ఆమె వాటిని ముట్టేది కాదు. "పట్టు జారతాది" అనేది. పాత నూలుకోకలు, పంచెలు మాత్రమే తీసుకునేది. వాటిని ఉతికి ఆరేసేది. రంగు పోయేదీ, కుదించుకుపోయేదీ ముందే తేలిపోతాదని.

కత్తెరతో గాటు మాత్రం పెట్టి, తక్కినది చేత్తో చించేది. "వంకరగా కోసేవు, సాగిపోతాది. పడుగు ఎట్ల పోతాదో అట్ల చించు నాయనా." నూలుగుడ్డ దారం వెంబడే చినుగుతుంది కాబట్టి పట్టీ తిన్నగా వస్తుంది. ఏటవాలుగా కోసిన గుడ్డ లాగితే సాగుతుంది, అందుకే అతుకు ముడతలు పడుతుంది. పట్టీలన్నీ బెత్తెడు వెడల్పు. అంచుకు అంచు పెట్టి, అర వేలు లోపలికి వదిలి కుట్టేది. మరీ తక్కువ వదిలితే రెండు ఉతుకులకే పీలికలు లేస్తాయి.

ఒకదాని తర్వాత ఒకటి అతుక్కుంటూ పోయేది కాదు. రెండు రెండు కలిపి జతలు, జతలు కలిపి నాలుగులు. ఒక కుట్టు పైనుంచి కిందికి వస్తే, పక్కది కిందినుంచి పైకి. అన్నీ ఒకే వైపు నుంచి కుడితే బొంత విల్లు మాదిరి వంగిపోతుంది. ప్రతి అతుకునూ బొటనగోటితో రుద్ది, ముదురు రంగు వైపుకు మడిచేది. రెండు అతుకులు ఒకే చోటికి రానిచ్చేది కాదు. వస్తే అక్కడ మందమైపోయి సూది విరుగుతుంది, ముందు చినిగేదీ అక్కడే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1980ల్లో బ్యాంకు ట్రైనింగుకని హైదరాబాదు పోయినాను. పక్క మంచం ఆయన నా మాట విని, "మీది తెలుగా, కన్నడమా? అతుకుల బొంతలా ఉందే" అని నవ్వినాడు. ఆయన మనసులో చెడు లేదు. కానీ ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఆఫీసులో తెలుగువాళ్లు కనిపిస్తే ఇంగ్లీషే మాట్లాడినాను. మా పిల్లలతో కూడా అంతే. మనవరాలికి బొంత తెలియకపోవడానికి కారణం నేనే. ఈ లెక్క ఎట్ల వేసినా తప్పు నా ఖాతాలోనే పడుతుంది.

ఆ బొంతను విప్పి చూస్తే ఇంకొకటి తట్టింది. కన్నడంలో అతుకును తేపె అంటారు. మాయవ్వ "కోకకు తేప వేసినా" అనేది. తేపె అని ఉన్నదున్నట్టు అనలేదు. సంతె, సంత వరసలోనే చివర మార్చుకుని తెలుగు చేసుకుంది. అంచు లోపలికి మడిచి కుట్టినట్టే. అట్లాగని ప్రతిదీ తెచ్చుకోలేదు. వీధిలో ఎంత హత్తి అన్నా ఇంట్లో పత్తి పత్తిగానే ఉండింది. వీధిలో మొళ, ఇంట్లో మూర. ఏది తెచ్చుకోవాలో, ఏది వద్దో చదువు లేని ఆ మనిషికి తెలుసు. ఇది రాని తెలుగు కాదు, ఇరుగుపొరుగుతో బతికిన తెలుగు.

యాభై ఏళ్లు దాటిన ఆ బొంతలో గుడ్డ నడుమ చినిగింది గానీ, అతుకుల దగ్గర చినగలేదు.

మనవరాలు, నేను కలిసి చినిగిన చోట కొత్త పట్టీలు వేస్తా ఉండాము. నా కుట్టు వంకర, దానిదే నయం. కుట్టేటప్పుడు తెలుగే మాట్లాడాలని ఒప్పందం. పీలిక, పట్టీ, బెత్తెడు, జాన, తేప. రోజుకు ఒకటో రెండో నేర్చుకుంటా ఉండాది.

మీ ఇళ్లలో బొంతకు, అతుకుకు ఏమంటారు? హోసూరు, కోలారు, హిందూపురం, మదనపల్లె వాళ్లు తప్పక రాయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ పొద్దే అడగండి. మాయవ్వను నేను అడగవలసినవి ఇంకా చాలా మిగిలిపోయినాయి.