నీడ గీయాలంటే దీపం దగ్గర కూర్చోవాలి

మొన్నామధ్య ఒక పెన్ టాబ్లెట్ కొన్నాను. ఆఫీసులో పొద్దస్తమానం బగ్గులతో కుస్తీ పట్టి బుర్ర వేడెక్కిపోతోంది, కాస్త బొమ్మలు గీసుకుందామని. క్రిటా డౌన్‌లోడ్ చేసుకుని, మొదటి బొమ్మగా టేబుల్ మీదున్న కాఫీ కప్పూ, పక్కనే వెలుగుతున్న లాంపూ గీశాను. కప్పు బాగానే వచ్చింది. నీడ దగ్గరే షార్ట్‌కట్ కొట్టాను. కప్పు లేయర్ని కాపీ చేసి, నల్లరంగు నింపి, పక్కకి వంచి, కొంచెం బ్లర్ చేసి వదిలేశాను. మా ఆవిడ చూసి "కప్పు గాల్లో తేలుతోందేంటండీ?" అంది.

నిజమే, తేలుతోంది. బొమ్మలు వెయ్యడం రాని మనిషి కూడా క్షణంలో పట్టేసే తప్పుని, వేసినవాడు సరిదిద్దలేకపోవడం ఏమిటి? ఆ ఉక్రోషంతో చదవడం మొదలుపెడితే తేలిందేంటంటే, ఈ ఇబ్బంది నా ఒక్కడిదే కాదు. దీనికి పెద్ద చరిత్రే ఉంది.

నీడ వెయ్యడం కొత్త విషయమేం కాదు. 79లో వెసూవియస్ బూడిద కింద కప్పబడిపోయిన పాంపే గోడల మీద కూడా నేలమీద పడే నీడలు కనిపిస్తాయి. కానీ అవి కంటి అంచనాతో వేసినవి, లెక్కతో కాదు. ఆ తర్వాత యూరప్ బొమ్మల్లోంచి వందల ఏళ్ళపాటు నీడ దాదాపు మాయమైపోయింది. మన చేర్యాల పటాల్లోనూ, శ్రీకాళహస్తి కలంకారీలోనూ అది కనపడదు. అది లోటు అనను. అక్కడ పని కథ చెప్పడం, దానికి నీడతో అవసరం లేదు.

లెక్క మొదలైంది 15వ శతాబ్దం తొలినాళ్ళ ఫ్లోరెన్స్‌లో. బ్రూనెల్లెస్కీ అనే ఆయన అక్కడి బాప్టిస్ట్రీ భవనాన్ని ఒక పలక మీద చిత్రించి, పలకకి చిన్న కన్నం పెట్టాడు. పలక వెనకనుంచి ఆ కన్నంలోకి చూస్తూ, ఎదురుగా ఒక అద్దం పట్టుకోవాలి. అద్దంలో కనపడే బొమ్మా, అద్దం తీసేస్తే కనపడే భవనమూ ఒకటేలా ఉండేవట. ఈ ప్రయోగంలో నాకు నచ్చింది ఆ కన్నం. "నీ కన్ను ఇక్కడే ఉండాలి" అని చూసేవాడి స్థానాన్ని మేకు కొట్టినట్టు బిగించేశాడు. పర్‌స్పెక్టివ్ అంటే ఇంతే: ఒక్క కన్ను, ఒక్క చోటు, అక్కడినుంచి వస్తువు దాకా తిన్నటి గీతలు. 1435లో ఆల్బెర్టీ దీన్ని సూత్రాలుగా పుస్తకంలో పెట్టాడు.

అదే ఊళ్ళో మసాచ్చో అనే కుర్రాడు, 1420లలో బ్రాంకాచ్చి చాపెల్ గోడ మీద సెయింట్ పీటర్ బొమ్మ వేశాడు. పీటర్ నడిచిపోతుంటే ఆయన నీడ పడినంత మాత్రాన రోగులు లేచి నిలబడతారు. అంటే కథలో అసలు పని చేసేది నీడే! చాపెల్ కిటికీలోంచి నిజం వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో, బొమ్మలో నీడల్ని కూడా ఆ లెక్క ప్రకారమే వేశాడు. 1525లో జర్మనీలో డ్యూరర్ తన జ్యామితి పుస్తకంలో ఒక ఘనానికి నీడ ఎలా గీయాలో మెట్టు మెట్టుగా చూపించాడు.

ఆ పద్ధతి చాలా సింపుల్. బొమ్మలో రెండు బిందువులు కావాలి. ఒకటి దీపం. రెండోది దీపం కింద సరిగ్గా నిట్టనిలువుగా టేబుల్ మీదుండే చోటు, దీపం పాదం అనుకోండి. దీపం నుంచి కప్పు అంచు మీదుగా ఒక గీత గీయాలి. దీపం పాదం నుంచి, ఆ అంచుకి సరిగ్గా కింద టేబుల్ మీదున్న బిందువు మీదుగా ఇంకో గీత. రెండూ కలిసిన చోట నీడ ముగుస్తుంది. అంచు మీద నాలుగైదు బిందువులకి ఇలా చేసి కలిపితే నీడ ఆకారం వచ్చేస్తుంది. ఎండలో అయితే, ఎదురుగా సూర్యుడు ఉన్నప్పుడు పాదం ఆయనకి సరిగ్గా కింద క్షితిజరేఖ మీద ఉంటుంది. సూర్యుడు మన వీపు వెనకుంటే, కిరణాల వానిషింగ్ పాయింట్ క్షితిజరేఖ కిందకి దిగిపోతుంది. నా బొమ్మలో దీపానికి పాదమే లేదు. నేను వేసింది నీడ కాదు, నల్లరంగు పూసిన ఇంకో కప్పు.

ఇదంతా బొమ్మలవాళ్ళ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళకి గెలీలియో కథ చెప్పాలి. 1609 జులైలో ఇంగ్లాండులో థామస్ హారియట్, గెలీలియో కంటే నెలల ముందే, టెలిస్కోపుతో చంద్రుణ్ణి చూసి బొమ్మ వేశాడు. వెలుగూ చీకటీ కలిసే చోట ఒక గరుకు గీత, కొన్ని మరకలు, అంతే. ఆ ఏడాది చివర్లో గెలీలియో చూశాడు. అతనికి బొమ్మలు వెయ్యడం వచ్చు. మరకలు అతనికి కొండలుగా, గుంటలుగా, వాటి నీడలుగా కనిపించాయి. చీకటి భాగంలో విడిగా మెరుస్తున్న చుక్కలు సూర్యోదయపు తొలి వెలుగు తగిలిన శిఖరాలన్నమాట. వెలుగు అంచు నుంచి ఆ చుక్క ఎంత దూరంలో ఉందో చూసి, పైథాగరస్ సూత్రంతో కొండ ఎత్తు నాలుగు మైళ్ళ పైనే అని లెక్క కట్టి, 1610లో అచ్చు వేశాడు. అతని టెలిస్కోపు హారియట్ దానికన్నా శక్తివంతమైనదే, ఒప్పుకుంటాను. కానీ గెలీలియో పుస్తకం వచ్చాక హారియట్ వేసిన బొమ్మల్లో గుంటలు కనపడటం మొదలైంది. నీడని చదవడం వస్తేనే చంద్రుడి మీద కొండలు కనిపించాయి.

ఇక మన వంతు. ఫ్రాన్స్‌లో గాస్పార్ మోంజ్, కోటల నిర్మాణం లెక్కల కోసం కనిపెట్టిన పద్ధతిని అక్కడి సైన్యం చాలాకాలం రహస్యంగా దాచింది. 1795లో ఆయన దాన్ని బహిరంగంగా పాఠం చెప్పాడు. మనం ఫస్టియర్‌లో మినీ డ్రాఫ్టర్ భుజాన వేసుకుని తిట్టుకుంటూ నేర్చుకున్న ఇంజనీరింగ్ డ్రాయింగ్‌కి మూలం అదే. "నేర్చుకున్న" అన్నాను గానీ, నా సంగతి నిజం చెప్పేస్తా. హాస్టల్లో గాజుపలక కింద బల్బు పెట్టి, సీనియర్ షీట్ మీద నా షీట్ పరిచి ట్రేస్ చేసేవాణ్ణి. మార్కులు బాగానే వచ్చాయి. తమాషా ఏంటంటే, డ్యూరర్ పుస్తకంలోనూ ఒకాయన గాజుపలక మీద ట్రేస్ చేస్తున్న బొమ్మ ఉంది. కాకపోతే ఆయన గాజు అవతల ఉన్నది నిజం మనిషి, నా గాజు అవతల ఉన్నది సీనియర్ షీట్ :)

చివరి మెట్టు మన ఫీల్డుదే. 1978లో లాన్స్ విలియమ్స్ కంప్యూటర్ బొమ్మల్లో నీడలకి ఒక ఉపాయం రాశాడు. ముందు కెమెరాని దీపం ఉన్న చోట పెట్టి సీన్ ఒకసారి రెండర్ చెయ్యి. అక్కడినుంచి ఏది ఎంత దూరంలో ఉందో దాచిపెట్టుకో. తర్వాత మామూలు కెమెరా నుంచి గీసేటప్పుడు, దీపానికి కనపడని ప్రతి పిక్సెల్‌నీ చీకటి చెయ్యి. అంతే. ఇదే షాడో మ్యాప్. ఈరోజుకీ గేముల్లో పరిగెత్తే చాలా నీడలు దీని వారసులే.

ఇది చదివాక నాకు మొత్తం కథ ఒక్క ముక్కలో అర్థమైంది. బ్రూనెల్లెస్కీ కన్నం చూసేవాడి కన్ను కోసం. డ్యూరర్ గీతలూ, విలియమ్స్ కోడూ అదే కన్నాన్ని దీపం దగ్గర పెట్టాయి. నీడంటే నల్లరంగు కాదు, దీపానికి కనపడని చోటు. మనం ఉన్నచోటే కూర్చుని అది ఎలా ఉంటుందో ఊహిస్తే గాల్లో తేలే కప్పులే వస్తాయి. లేచి వెళ్ళి దీపం దగ్గర కూర్చుని చూడాలి.

నిన్న రాత్రి ఆ లేయర్ డిలీట్ చేసి, స్కేలు పెట్టి మళ్ళీ గీశాను. ఐదు నిమిషాల నీడకి ఈసారి గంటన్నర పట్టింది. కాలేజీలో నాలుగు గాజుపలకల కింద తప్పించుకున్న పాఠానికి, పదేళ్ళ తర్వాత కట్టిన వడ్డీ అనుకుంటున్నా. కప్పు ఇప్పుడు టేబుల్ మీదే ఉంది. మా ఆవిడ చూసి ఏమీ అనలేదు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది చెప్పండి!