రాజధాని కూలినా ఆదోని లొంగలేదు

పోయిన ఎపిసోడ్‌ను తళ్లికోట యుద్ధం దగ్గర ఆపాం. 1565 జనవరిలో రామరాయలు చనిపోయాడు, హంపిని దోచుకున్నారు, విజయనగరం కథ ముగిసిందని స్కూల్లో చదువుకున్నాం. కానీ హంపి పోయాక కూడా ఆదోని కోట మూడేళ్లు నిలబడింది. ఈ రోజు ఆ మూడేళ్ల గురించే మాట్లాడదాం.

మా మద్దికెర వాళ్లకు ఆదోని అంటే పత్తి మార్కెట్టు. రాజులకు మాత్రం అది తుంగభద్రకు దక్షిణాన ఉన్న తాళం. కృష్ణా తుంగభద్రల మధ్య రాయచూరు సీమ కోసం బహమనీలు, విజయనగరం వాళ్లు తరాల తరబడి కొట్టుకున్నారు. నది దాటి వచ్చిన సైన్యానికి ఆదోని అడ్డం. దాన్ని వెనక వదిలేసి ముందుకు పోలేరు, పట్టుకుందామంటే నిటారు బండలు.

అక్కడ అసలు బలం ఫిరంగి కాదు, నీళ్లు. బహమనీ సుల్తాను ముజాహిద్ షా 1375 నుంచి 1378 దాకా ఏలాడు. అతని కాలంలో ఈ కోటను తొమ్మిది నెలలు ముట్టడించారని ఫెరిష్తా రాశాడు. లోపల నీళ్లు అయిపోయి, ఇక లొంగిపోదాం అనుకునే సమయానికి వాన కురిసిందట. అంతే, ముట్టడి ఎత్తేశారు. మన సీమలో వానను నమ్ముకుని గెలిచినవాళ్లు ఎంతమంది ఉంటారు చెప్పండి! ఇంకో సంగతి. తొమ్మిది నెలల ముట్టడి అంటే అంతకాలం ఒక సైన్యం, దాని గుర్రాలు, ఎద్దులు చుట్టుపక్కల పొలాల మీద పడి బతకడమే. కోటలో వాళ్లకు వాన దక్కింది. పల్లెల్లో వాళ్లకు ఏం మిగిలిందో ఏ చరిత్రకారుడూ రాయలేదు.

తళ్లికోట తర్వాత రామరాయల పెద్ద అధికారుల్లో ఒకడు ఆదోనిని పట్టుకుని స్వతంత్రంగా కూర్చున్నాడు. 1568లో బీజాపూరు అలీ ఆదిల్‌షా పంపిన అంకుస్ ఖాన్ వచ్చేదాకా కోట చేయి మారలేదు. ఇలాంటిది ప్రపంచంలో వేరేచోటా జరిగింది. ఇటలీలో సియెనా నగరం 1555లో లొంగిపోతే, ఆ ఊరివాళ్లు కొందరు మోంటాల్చీనో అనే కొండ కోటకు చేరి, తమ రిపబ్లిక్ ఇంకా బతికే ఉందంటూ 1559 దాకా నిలబడ్డారు. రాజధాని పోగానే రాజ్యం పోదు.

నూటపద్దెనిమిదేళ్ల తర్వాత ఆదోనిలో అదే కథ మళ్లీ నడిచింది. ఈసారి కోటలో ఉన్నది సిద్ది మసూద్ ఖాన్. ఆఫ్రికా మూలాలున్న హబ్షీ. పన్హాళాలో శివాజీని ముట్టడించిన సిద్ది జౌహర్‌కు అల్లుడు. బీజాపూరులో పిల్ల సుల్తాను తరఫున కొన్నేళ్లు రాజ్యం నడిపి, అక్కడి కుట్రలు విసుగొచ్చి 1683లో ఆదోనికి వచ్చేశాడు. 1686లో బీజాపూరు ఔరంగజేబు చేతికి పోయింది. మసూద్ మాత్రం తల వంచలేదు. చివరికి ఫిరోజ్ జంగ్ అనే మొఘలు సేనాని 1688లో కోటను లొంగదీశాడు. మసూద్ ప్రేమగా కట్టించుకున్న జామియా మసీదు వైపు ఫిరంగులు తిప్పేసరికి, అది కూలిపోతే చూడలేక తలుపులు తీశాడని ఆదోనిలో చెప్పుకుంటారు. ఇది జనం మాట, పత్రం కాదు. అయినా ఆ మసీదు ఇప్పటికీ నిలబడే ఉంది, వెళ్లి చూడండి.

ఒక్కటి గమనించండి. 1688లో ముట్టడించినవాడూ ముసల్మానే, కాపాడుకున్నవాడూ ముసల్మానే. 1786లో టిప్పు వచ్చినప్పుడు కోటలో ఉన్నదీ నిజాం కుటుంబమే. ఆదోనిని మతాల యుద్ధంగా చదివేవాళ్లకు ఈ రెండు తేదీలూ ఎందుకో గుర్తుండవు.

ఫిరోజ్ జంగ్ కొడుకే హైదరాబాదు మొదటి నిజాం. ఆ నిజాం కొడుకు బసాలత్ జంగ్‌కు ఆదోని జాగీరు వచ్చింది. అన్నగారు హైదరాబాదులో ఉండగానే ఈయన ఇక్కడ సొంతంగా ఫ్రెంచివాళ్లను కొలువులో పెట్టుకుని దర్బారు నడిపాడు. 1782లో పోయాడు, సమాధి ఆదోనిలోనే ఉంది. నాలుగేళ్లకు టిప్పు కోటను పట్టుకుని, బురుజులు పడగొట్టించి ఫిరంగులు తరలించాడు. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చేనాటికి అది పేరుకే కోట.

కంపెనీ తరఫున వచ్చిన మన్రో మన పాళెగాళ్లను ఏం చేశాడు, దసరాకు మద్దికెరలో గుర్రాలెక్కే నగరి కుటుంబాల వెనక ఏముంది అన్నది వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను.