కొండలేని సీమలో వాతావరణశాల

స్కాట్లండు దేశమున బెన్ నెవిస్ అను పర్వతము కలదు. దాని యెత్తు 4,411 అడుగులు. 1883వ సంవత్సరమున ఆ శిఖరముపై వాతావరణ పరిశీలనకై యొక రాతికట్టడమును నిర్మించిరి. అందు వసించిన కొలదిమంది మనుష్యులు పగలనక రాత్రియనక గంటగంటకును వెలుపలికి వచ్చి, గాలిని, చలిని, వాయుభారమును చదివి పుస్తకమున వ్రాసికొనుచుండిరి. శీతకాలమున మంచు వాకిటిని పూడ్చివేసినపుడు గోపురము మీదుగా బయటికి దిగవలసి వచ్చెడిది. ఇట్లు ఇంచుమించు ఇరువదియేండ్లు జరిగి, 1904లో ద్రవ్యము చాలక ఆ శాల మూతపడినది. కొండక్రింద, సముద్రపుటొడ్డున, ఫోర్టు విలియము పట్టణమునందు మరియొక శాల నుంచి, మీది లెక్కను క్రింది లెక్కతో పోల్చి చూచెడివారు.

బెన్ నెవిసుతో మనకేమి పనియని చదువరులు అడుగవచ్చును. గుడివాడలో రైలెక్కి బందరునకు వచ్చు బాటసారికి, గుడివాడ బౌద్ధదిబ్బ వెనుకబడిన పిమ్మట, మిట్టయన్నది కంటబడదు. పులిగడ్డయొద్ద చీలిన కృష్ణ రెండుపాయల నడుమనున్న దివిసీమలో ఏటికట్టయే కొండ. అయినను బెన్ నెవిసు మీద నుండిన పాదరసమే బందరు వాతావరణశాలలోను ఉండెను. అక్కడివారు చేసిన కాపలాయే ఇక్కడివారును చేయుచున్నారు. అక్కడ చలికి వెరచి కాపలా. ఇక్కడ సముద్రమునకు వెరచి కాపలా. మన శీతకాలము మంచుతో రాదు, ఈశాన్యపుగాలితో వచ్చును. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో బంగాళాఖాతము ఏ దినమున లేచునో యెవరును ముందు చెప్పజాలరు. అదే కాలమున మన వరి పనలపై నుండును.

శాలలోని పని చూచుటకు మిక్కిలి చిన్నది. బయలున నాలుగడుగుల యెత్తు కాళ్లపై తెల్లరంగు వేసిన చెక్కపెట్టె యొకటి యుండును. దానికి నలుప్రక్కల గాలి సాగుటకు వాలుపలకలు. ఎండ లోనికి పడకుండుటకై తలుపు ఉత్తరదిక్కునకు. లోపల ఉష్ణమాపకములు నాలుగు. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి యుంచుదురు. ఆ గుడ్డనుండి నీరు ఆరిపోవు వడిని బట్టి గాలిలోని తేమ తెలియును. బందరు వంటి సముద్రతీరమున ఉప్పుగాలి ఆ గుడ్డపై పేరుకొని లెక్కను తప్పించును గనుక దానిని తరచుగా మార్చుచుండవలెను. ఇంత చిన్నపనిలో బద్ధకించినవాని పుస్తకము సంవత్సరము పొడవునను అబద్ధమాడును.

ప్రొద్దున అయిదున్నరకు మొదలుపెట్టి మూడుగంటల కొకమారు, దినమునకు ఎనిమిది పర్యాయములు ఈ చదువు సాగును. ఎనిమిదిన్నరకు వానకొలతపాత్రను చూతురు. ఆకాశమును కంటితోనే ఎనిమిది పాళ్లుగా భాగించి, మబ్బు ఎన్ని పాళ్లు కప్పినదో వ్రాయుదురు. దూరపుచూపునకు కొండలు గురుతులు కావలెనందురు. మన బయళ్లలో కొండలు లేవు గనుక తాటితోపు, గుడిగోపురము, నీళ్లట్యాంకు గురుతులు. ధనుర్మాసపు వేకువను, హరిదాసు వీధిలోనికి రాకమునుపే, పొలములమీది పొగమంచు ఈ గురుతులన్నిటిని మ్రింగివేయును. అట్టి ప్రొద్దున సైతము హైడ్రోజను నింపిన బెలూనును మీదికి వదలుదురు. దానికి వ్రేలాడు చిన్నయంత్రము మైళ్లకొలది పైకి పోవుచు, అక్కడి చలిని, తేమను, గాలిని క్రిందివారికి తెలుపును. కొండలేని సీమకు ఆ బెలూనే కొండ. బెన్ నెవిసు మీదివారు ఏ యెత్తునకై మంచులో ప్రాకులాడిరో దానికి పదిరెట్లకు మించిన యెత్తునుండి మనవారికి దినమునకు రెండుమారులు వార్త వచ్చుచున్నది.

వాయుభారమును గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. మన ఉష్ణదేశములలో వాయుభారము సముద్రమువలెనే దినమునకు రెండుమారులు పొంగి రెండుమారులు తీయును. ప్రొద్దున పదిగంటల ప్రాంతమున హెచ్చి, సాయంకాలము నాలుగింటికి తగ్గి, మరల రాత్రి పదింటికి హెచ్చి, తెల్లవారుజామున తగ్గును. ఇది తెలియనివాడు సాయంకాలమున పాదరసము దిగుట చూచి తుపాను వచ్చినదని కేకలు వేయును. తెలిసినవాడు నేటి నాలుగింటి లెక్కను నిన్నటి నాలుగింటి లెక్కతో పోల్చి చూచును. అనగా ఏమియు జరుగని దినములలో విసుగులేక వ్రాసిన అంకెలే, జరుగబోవు దినమును పట్టియిచ్చును. నిన్నటి పుట ఖాళీగా నున్నచో నేటి పుటకు అర్థము లేదు. పండుగ వచ్చినను, ఇంట జబ్బు వచ్చినను ఆ పుట నింపుటకు ఎవరో యొకరుండవలెను.

ఉగాదినాడు పంచాంగశ్రవణమున ఈయేటి మేఘాధిపతి యెవరో విని, వాన యెన్ని కుంచములో లెక్కగట్టుకొని ఇంటికి పోవు అలవాటు మనలో ఇంకను పోలేదు. మేము ఆ వేడుకను తప్పుపట్టము. కాని మేఘాధిపతి మాట తప్పిన సంవత్సరములను మన పెద్దలెవరును వ్రాసిపెట్టలేదు. శాలలోని పుస్తకము తన తప్పునుకూడ వ్రాసియుంచును. మరునాడు వచ్చినవాడు దానిని చూచి దిద్దుకొనును. ఈ రెంటికిని భేదమింతే, కాని ఇది చిన్నభేదము కాదు.

ఈ కాపలా లేని కాలమున ఏమి జరిగినదో బందరువారికి చెప్పనక్కరలేదు. 1864 అక్టోబరు 5న తుపాను కలకత్తాను ముంచెను. నెల తిరుగకమునుపే, అమావాస్య దాటిన రెండవనాడు, నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరుపై బడినది. ముప్పదివేలమంది మృతినొందిరని గెజెటీరు చెప్పుచున్నది. మిషనువారి బాలికల వసతిపాఠశాలలో చదువుకొనుచున్న పిల్లలుకూడ కొందరు ఆ నీటిలో పోయిరి. ఆ దినమున బందరునకు ముందుగా హెచ్చరిక చెప్పగల యేర్పాటు ఎక్కడను లేదు. మరుసటియేడు కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికల పద్ధతి యేర్పడినది. అటుపిమ్మట వచ్చిన అనావృష్టులుకూడ కలిసి, 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడెను. బ్లాన్‌ఫర్డు దొర దానికి మొదటి యధికారి.

అయితే దొరతనమువారు మేలుకొనకమునుపే మన తెలుగువాడొకడు మేలుకొనెనని చెప్పుకొనుటకు మాకు సంతోషము. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతమున తన సొంతధనముతో వేధశాల నెలకొల్పెను. ఆయన యల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి, ఆకాశముతోపాటు గాలివానల లెక్కలను సైతము వ్రాయించెను. 1874లో శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచుటను ఆ శాలనుండియే చూచిరి. డాల్ఫిన్స్ నోస్ కొండమీది ధ్వజస్తంభము ఓడలవారికి వేళ తెలుపుటకై వీరి కుటుంబము చేసిన యేర్పాటే. పెండ్లిపందిళ్లకు వేలు వ్యయించు మన జమీందారులలో ఇట్టివారు మరి పదిమంది యుండినచో మన చరిత్ర వేరుగా నుండెడిది.

రేవులలో తుపాను సూచికలు మొత్తము పదునొకటి. మొదటిది ఎక్కడనో దూరసముద్రమున వాయుగుండము లేచినదని తెలుపును. పదవది మహాప్రమాదమునకు గురుతు. దానిపైన ఇంకను ఒకటి యేల యని మేము చాలకాలము విస్మయపడితిమి. పదునొకండవ సూచికకు అర్థమిది: హెచ్చరిక చేయు కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, స్థానికాధికారికి ప్రమాదము తోచుచున్నది. గాలి యెంత గట్టిదైనను దానికి పదియే మెట్టు. మాట అందకపోవుట పదునొకండవ మెట్టు. ఈ వరుసను కూర్చినవాడెవ్వడో సముద్రమును బాగుగ నెరిగినవాడు.

1977 నవంబరు 19న దివిసీమకు పట్టినది ఈ పదునొకండవ మెట్టేయని మా యభిప్రాయము. ఆనాడు తుపాను ఉన్నదని తెలియక కాదు. వాతావరణశాఖ హెచ్చరించినది, రేడియో చెప్పినది. కాని పాలకాయతిప్పలోను, సొర్లగొందిలోను, హంసలదీవిలోను పూరియిండ్లలో నున్న యెందరికి రేడియో యుండెను? విన్నవారికిమాత్రము గాలి యన్నారే గాని సముద్రము ఇంటిలోనికి వచ్చునని ఎంతమందికి బోధపడెను? సాయంకాలమున తుపాను తీరము దాటునపుడు దాదాపు అయిదు మీటర్ల యెత్తున ఉప్పెన లేచి, మైళ్లకొలది లోపలికి వచ్చినది. ప్రభుత్వపు లెక్క దాదాపు పదివేలమంది; అంతకు మించియుందురని దివివారి మాట. కోతలకై పొరుగూళ్లనుండి వచ్చిన కూలీల పేర్లు ఏ రిజిష్టరులోను లేవు గనుక ఆ వివాదము తీరునది కాదు. తీగలు తెగి, దారులు మునిగి, ఇంత ఘోరము జరిగినదని వెలుపలి లోకమునకు వెంటనే తెలియనైన లేదు.

తడిసిన పుస్తకమున అంకె సరిగానే యున్నది. అంకెకును గుడిసెకును నడుమ దారి లేదు. మన సంస్కర్తలు చదువును గూర్చియు, పేదల యిండ్లను గూర్చియు చెప్పిన మాటలు ఎవరికో సంబంధించినవని తలచువారు ఈ యొక్క సాయంకాలమును తలచుకొనిన చాలును.

పిమ్మట కొంత బుద్ధి వచ్చినది. బందరులో తుపానును కనిపెట్టు రాడారు వెలసెను. 1980ల నడుమ ఉపగ్రహము ద్వారా తీరగ్రామములలో నేరుగా హెచ్చరిక వినిపించు యంత్రములను పెట్టిరి. తుపాను ఆశ్రయభవనములు కట్టిరి. 1990 మే 9న అంతటి బలముగల తుపానే కృష్ణ సముద్రమున కలియు చోటి సమీపమున తీరము దాటినది. లక్షలాది జనులను ముందుగా కదల్చిరి. మృతులు వేయికి లోపు. అదియు తక్కువ సంఖ్య కాదు, కాని 1977తో పోల్చి చూచుడు.

యంత్రములకును హద్దు కలదు. విశాఖలో కైలాసగిరి కొండమీది రాడారు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిడికే చెడిపోయినది. కొండపైనున్న కన్ను మూసికొన్నపుడు క్రింద మైదానములో మనుష్యుడు చదివిన పాదరసమునకు మరల విలువ హెచ్చును.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. హెచ్చరిక దినముల ముందే వచ్చినది, 1977 వంటి ప్రాణనష్టము కాలేదు. కాని కృష్ణాడెల్టాలో కోతలు సగమైనను ముగియలేదు. తడి యారని గింజను కోయించి తక్కువ ధరకు అమ్ముకొందుమా, చేనిలోనే యుంచి దైవముమీద భారము వేయుదుమా యని కౌలురైతులు రాత్రింబవళ్లు కొట్టుమిట్టాడిరి. పేరు భూస్వామిది, పంట కౌలుదారునిది. నష్టపరిహారపు పట్టికలో ఎవరి పేరు పడవలెనన్నది నేటికిని తగవే. ఇట్టి దినములలో ప్రొద్దుటి చదువు ముగించుకొని టీకొట్టునకు వచ్చిన పరిశీలకుని చుట్టును నలుగురు చేరుదురు.

"ఏమండీ, వాన ఉందంటారా? మిషను పెట్టి కోయించమంటారా?"

ఆయన తన పుస్తకమున ఉన్నది చెప్పును. నిన్న ఈ వేళకున్న భారముకంటె నేడు ఇంత తగ్గినది, గాలి ఈశాన్యమునుండి ఉత్తరమునకు తిరుగుచున్నది, మిగిలినది విశాఖవారు, ఢిల్లీవారు చెప్పవలెను అనును. కోయుమని గాని వద్దని గాని ఆయన అనడు. రైతు లేచి, కోతమిషను యజమానికి ఫోను చేయుచు, పొలమువైపు నడచును.