విమానానికో పద్దు పుస్తకం

మా అమ్మకు పాలపద్దు రాయడం అలవాటు. వంటింటి గోడకున్న క్యాలెండరు మీద తేదీ పక్కన అర, ముప్పావు, లీటరు అంటూ పెన్సిలుతో గుర్తు పెట్టుకునేది. నెలాఖరున లెక్క తేడా వస్తే ఆ క్యాలెండరే సాక్షి. "రాత ఉంటే నోరు చేసుకోనక్కర్లేదే" అనేది. ఆ మాట విలువ నాకు ఈ మధ్యే తెలిసొచ్చింది. అదీ ఎక్కడ? ఇంట్లో విమానాలు కట్టుకునే వాళ్ళ గురించి చదువుతుంటే!

నవ్వకండి. అమెరికాలో కారు షెడ్డులోనే విమానం కట్టుకునే వాళ్ళు వేలమంది ఉన్నారు. 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన ఇలాంటి వాళ్ళందరినీ కూడగట్టి ఓ సంఘమే పెట్టారు. ప్రభుత్వం ఆ విమానాలకు అనుమతి ఇస్తుంది గానీ, ఒక షరతు. సగానికి పైగా పని, సరదాకో నేర్చుకోవడానికో పూనుకున్న వాళ్ళ సొంత చేతుల మీదుగా జరగాలి. డబ్బు పోసి కట్టించుకుని "నేనే కట్టాను" అంటే చెల్లదు.

మరి తనే కట్టినట్టు రుజువేమిటి? పద్దు పుస్తకమే! ఏ రోజు ఏ భాగం చేశారో, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోవాలి. సామాను కొన్న రసీదులు దాచుకోవాలి. ఫొటోలు తీసుకోవాలి. వాటిలో రెక్క ఒక్కటే కాదు, పనిచేస్తున్న మనిషీ కనబడితే మంచిది. పైన రేకు మూసేశాక లోపలి పని తనిఖీకి వచ్చినాయనకు కనబడదు కదా. అప్పుడు మాట్లాడేవి ఆ కాగితాలే. ఇంకో సంగతి. కట్టిన మనిషి తనే కట్టినట్టు చూపగలిగితే, ఏటేటా ఆ విమానాన్ని పరీక్షించి సంతకం చేసే అర్హత కూడా పొందవచ్చు. విమానం అమ్మేసినా ఆ అర్హత కొన్నవాళ్ళకు పోదు. అది చేసిన చేతులది!

ఈ చట్టాలేవీ పుట్టకముందే, ఎవరూ అడక్కుండానే ఇలా పద్దు రాసి పెట్టిన ఆడది ఒకామె ఉంది. పేరు లిలియన్ బ్లాండ్. పత్రికలకు రాసేది, ఫొటోలు తీసేది. 1910లో ఐర్లండులో, బెల్‌ఫాస్ట్ దగ్గర కార్న్‌మనీలో మేనత్త ఇంట్లో ఉంటూ విమానం కట్టింది. ముందు ఇంజను లేకుండా కట్టి, అది బరువు మొయ్యగలదో లేదో చూడాలని నలుగురు పోలీసుల్నీ, ఓ తోటపని కుర్రాణ్ణీ పట్టుకు వేలాడమంది. వాళ్ళతో సహా లేచిందట! తర్వాత ఇంజను వచ్చింది, పెట్రోలు ట్యాంకు రాలేదు. ఆగుతుందా? ఖాళీ విస్కీ సీసా ట్యాంకయింది, చెవుడున్న మేనత్తగారి చెవిగొట్టం గరాటా అయింది. వంటింట్లో గరిటె దొరక్కపోతే మనం ఆగుతామా మరి? ఆ విమానం పేరు 'మేఫ్లై'. అదో పురుగు పేరు. విడదీసి చదివితే 'ఎగరొచ్చు' అని అర్థం. ఎగరకపోనూ వచ్చు! ఆ ఆగస్టులోనే ఎగిరింది.

కొన్నాళ్ళకు, ఎగరడం మానేస్తే కారు కొనిపెడతానన్నారు నాన్నగారు. మానేసింది. ఇంజను అమ్మేసింది. 1971లో, తొంభై రెండేళ్ళ వయసులో పోయింది. కానీ విమానం కడుతున్నన్నాళ్ళూ 'ఫ్లైట్' అనే పత్రికకు ఉత్తరాలు రాసింది, ఫొటోలు తీసింది. అవే లేకపోతే "ఆడపిల్ల విమానం కట్టడమేమిటి, ఎవరో కట్టిపెట్టి ఉంటారు" అని తేల్చేయడం ఎంతసేపు?

అప్పుడు నాకు మా అమ్మ క్యాలెండరు మళ్ళీ కళ్ళముందు కదిలింది. పాలవాడు పోసిన ప్రతి చుక్కా అందులో ఉంది. ఆ పాలు కాచి, తోడుపెట్టి, చిలికి, వెన్న కాచిన చేతుల మాట ఏ తేదీ పక్కనా లేదు. అమ్మ రాసిన పద్దులో అమ్మే లేదు.

మొన్న ఆవకాయ కలుపుతూ మా అమ్మాయిని ఫొటో తియ్యమన్నాను. జాడీకి గురిపెట్టింది. "జాడీ ఒక్కటే కాదే, ఈ కారం చేతులు కూడా పడాలి" అన్నాను.