పాఠశాలల క్షీణతకు బాధ్యులెవరు?

సర్కారు బడులలో చదువు దిగజారినదను మాట నేడు ప్రతి సభయందును వినవచ్చుచున్నది. వెంటనే నింద యుపాధ్యాయునిపై బడుచున్నది. ఈ నింద క్రొత్తది గాదు. రెండువందల యేండ్ల నాటి చరిత్రమును బరిశీలించినచో బాధ్యులెవరో తేటపడునని మా యభిప్రాయము.

1822లో చెన్నపురి గవర్నరగు సర్ తామస్ మన్రో, తన రాజధానిలోని పాఠశాలల స్థితిని విచారింపుడని కలెక్టరుల కాజ్ఞాపించెను. మఱుసటి యేట బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర నివేదిక నంపెను. ఈయన తెలుగు వ్యాకరణము రచించినవాడు. నేటి యనంతపురము నాడు బళ్లారి జిల్లాలోనిదే. తొమ్మిది లక్షలకు మించిన జనమునకు 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు మాత్రమే యుండిరి. బాలురు ప్రాచీన కావ్యములను వల్లించుచుండిరేగాని యర్థ మెఱుగరు; చెప్పు గురువులకును దెలియదు.

ఇంతవఱకే చదివినచో దోషము గురువుదే యనిపించును. కాని యా నివేదికయే కారణమును జెప్పుచున్నది. సీమబట్టల రాకచే నేతపని చెడి, ధనము దేశాంతరమునకు దరలి, ప్రజలు బీదలైరి. జీతమియ్యలేని తల్లిదండ్రులు పిల్లలను బనికి బంపిరి. ఆ 533 బడులలో నొక్కదానికైనను సర్కారు సాయము లేదు.

1826లో మన్రో రాజధాని లెక్కలన్నియు గూర్చెను: 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు. గురువుల యార్జన నెలకు ఆఱేడు రూపాయలకు మించదనియు, అంతమాత్రమునకు యోగ్యులీ వృత్తికి రారనియు నాతడు తేల్చెను. జిల్లా బడిపంతులకు 15, తాలూకా బడిపంతులకు 9 రూపాయల జీతము ప్రతిపాదించెను. 1827లో పత్తికొండలో నాతడు మరణించెను. 1836లో నా బడులను ఎత్తివేసిరి.

కావున నాటి తప్పు ప్రధానముగా బ్రభుత్వముది. నేడో, 2010 నుండి విద్యాహక్కు చట్టమున్నది, మధ్యాహ్న భోజనమున్నది, గురువుల జీతము నాటి యాఱేడు రూపాయలు గాదు. అయినను క్షీణత యేల? పాఠము చెప్పని పంతులును, తనిఖీ చేయని యధికారియు నిర్దోషులని మేమనము. కాని కలిగినవారు తమ బిడ్డలను ప్రైవేటు బడులకు మఱల్చుకొనిరి. వారితో నడుగువారి గొంతును వెడలిపోయెను. ఆ కలిగినవారిలో మన కులమువారును గలరు.

సోదరులారా, దాతలారా! విరాళములొక్కటియే చాలవు. నెలకొక్కసారి మీ యూరి బడికేగి, యొక బాలునిచే బాఠము చదివించి యర్థ మడుగుడు. అడుగువాడున్న చోట జెప్పువాడు తప్పక చెప్పును.